విజయనగరంలో పూటకూడు

గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ విజయనగరంలో మొదలయ్యేసరికే గిరీశం బాకీలో ఉంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేశ్య మధురవాణి కోసం ఖర్చు పెట్టేశాడు. ఆవిడ చీపురు పుచ్చుకుని మధురవాణి ఇంటిదాకా వచ్చిందంటే ఊరికే రాలేదు. పూటకూళ్ల ఇంటికి సంత సామానే పెట్టుబడి. బియ్యం, పప్పు ఇంటికి చేరకపోతే మర్నాడు విస్తరి వెయ్యడం ఎలా?

కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బు పుచ్చుకుని పెట్టేది పూటకూడు. తెలుగువాళ్లకిది చాలా పాత అలవాటు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు చూడబోయిన మిత్రులకు లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకే భోజనం దొరుకుతుంది. సన్నన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు!

విజయనగరానికి ఈ వృత్తి అవసరం బాగా పెరిగింది 19వ శతాబ్దంలో. 1857లో మహారాజావారి బడి వెలిసింది, 1879కి అది కాలేజీ అయింది. చదువుకోడానికి పిల్లలు, వ్యాజ్యాలకు కక్షిదారులు, సంస్థానంలో పనులకు పల్లెల వాళ్లు వచ్చేవారు. చుట్టాలున్నవాళ్లు చుట్టాలింట దిగేవారు. లేనివాళ్లకు పూటకూళ్ల ఇల్లే దిక్కు.

దాన్ని నడిపేది చాలాచోట్ల భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీ. ఆస్తిలో వాటా లేదు, మళ్లీ పెళ్లి లేదు, చదువు లేదు. చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే. దానితోనే తన పొట్ట పోసుకుంటూ ఊరివాళ్ల ఆకలి తీర్చింది. లోకం మాత్రం ఆమెను చులకనగానే చూసింది. ఆ పంక్తిలో అన్ని కులాలకూ చోటు లేదన్నదీ మరవకూడని నిజం.

డబ్బు లేని విద్యార్థికి వేరే దారులుండేవి. వారాలు చేసుకుని రోజుకో ఇంట తినడం ఒకటి, జోలె పట్టి మధూకరం ఎత్తడం ఇంకొకటి. ఊళ్లోని సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో అక్కడ చదువుకోడానికి వచ్చిన గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ వీధుల్లోనే జోలె పట్టాడు.

పూటకూళ్ల ఇళ్ల లాంటి పేటభోజనశాలలు టర్కీలోనూ ఉన్నాయి. వాటిని ‘ఎస్నాఫ్ లొకాంతాసి’ అంటారు, అంటే చేతిపనివాళ్ల, చిల్లర వర్తకుల భోజనశాల. పొద్దున్నే వండిన కూరలూ పులుసులూ కంటికి కనిపించేలా పెడతారు. వచ్చినవాడు చూసి, తనకు కావలసింది అడిగి పెట్టించుకుంటాడు. ‘లొకాంతా’ మాట వాళ్లకు ఇటాలియన్ నుంచి వచ్చింది. అక్కడ దానర్థం బస. గిరీశం లాంటివాడికి పూటకూళ్ల ఇల్లు బసా భోజనమూ రెండూ.

20వ శతాబ్దంలో కాఫీ హోటళ్లు, తర్వాత మెస్సులు వచ్చి పూటకూళ్ల ఇళ్లను వెనక్కి నెట్టాయి. విజయనగరంలో గురజాడ ఇల్లు స్మారకంగా నిలిచింది. ఆయన నాటకంలో గిరీశానికి, మధురవాణికి, బుచ్చమ్మకు పేర్లున్నాయి. అన్నం పెట్టిన మనిషిని మాత్రం మొదటి నుంచి చివరిదాకా పూటకూళ్లమ్మ అనే పిలుస్తారు.