తొమ్మిది రెట్లు పెరిగిన లోకం

ఒక మనిషి ఉదయం ఇల్లు విడిచి, తన కాళ్ల సత్తువతోనే తిరిగి, మళ్లీ ఇల్లు చేరవలెనంటే ఎంత లోకం చూడగలడు? ఇది పిల్లల పొడుపుకథవలె కనిపించవచ్చును. కాని లెక్కవేసి చూస్తే, గడచిన రెండువందల సంవత్సరాల చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం ఇందులో దాగి ఉన్నది.

లెక్క సులభమే. గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాడు వెళ్లటానికి రెండు గంటలు, తిరిగి రావటానికి రెండు గంటలు వెచ్చిస్తాడనుకొందాం. అతడు ఇంటినుండి 10 కి.మీ. దూరం పోగలడు. ఇంటిని కేంద్రంగా తీసుకొని 10 కి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాని వైశాల్యం సుమారు 314 చదరపు కిలోమీటర్లు. అదే అతని లోకం. ఇప్పుడు అతనికి ఒక సైకిలు దొరికినదనుకొందాం. గంటకు 15 కి.మీ. చొప్పున, అదే నాలుగు గంటలలో, అతడు 30 కి.మీ. దూరం పోయి రాగలడు. వేగం మూడు రెట్లే పెరిగినది. కాని వృత్తవైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది గదా! కావున అతని లోకం తొమ్మిది రెట్లు పెరిగి సుమారు 2,827 చదరపు కిలోమీటర్లు అయినది. దీనికి టిక్కెట్టు అక్కరలేదు, పెట్రోలు అక్కరలేదు.

ఈ తొమ్మిది రెట్ల లోకం సామాన్యునికి ఒక్కరోజులో రాలేదు. దానికి తేలికైన యంత్రం కావలసివచ్చినది. సెలవు కావలసివచ్చినది. రాత్రి తలదాచుకొనే చోటు, దారిలో నడిచే హక్కు కూడా కావలసివచ్చినవి. ఇవి ఒక్కొక్కటే ఎట్లా సమకూడినవో చూద్దాం.

పరుగు యంత్రం

1817 జూన్ 12వ తేదీన జర్మనీలోని మన్‌హైమ్ పట్టణంనుండి కార్ల్ డ్రైస్ అనే అటవీ అధికారి ఒక వింత వాహనంపై బయలుదేరినాడు. కొయ్యతో చేసిన రెండు చక్రాలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నవి. వాటి నడుమ కూర్చోవటానికి ఒక దూలం, ముందుచక్రాన్ని త్రిప్పటానికి ఒక పిడి ఉన్నవి. పెడళ్లు లేవు. దూలంపై కూర్చొని నేలను కాళ్లతో వెనుకకు తన్నుతూ పరుగెత్తవలసినదే. అందుచేత డ్రైస్ దానికి ‘పరుగు యంత్రం’ అనే అర్థం వచ్చే పేరే పెట్టినాడు. సుమారు 7 కి.మీ. దూరంలోని ఒక మజిలీవరకు పోయి, ఒక గంటలోపుననే తిరిగివచ్చినాడు. నేటి సైకిలుకు మూలపురుషుడైన ఆ వాహనపు తొలి ప్రసిద్ధ ప్రయాణం ఈవిధంగా ఇంటికి దగ్గరి షికారే!

అంతకు రెండేళ్ల పూర్వం, 1815లో, ఇప్పటి ఇండొనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలైనది. దాని ప్రభావంవల్ల 1816లో ఐరోపాలో వేసవి సరిగా రాలేదు, పంటలు పోయినవి, గుర్రాలకు మేత కరవైనది. గుర్రం అక్కరలేని వాహనంపై డ్రైస్ దృష్టి మళ్లటానికి ఇదే కారణం కావచ్చునని కొందరు చరిత్రకారులు ఊహించినారు.

1860లలో ప్యారిస్ నగరంలో ముందుచక్రానికి పెడళ్లు బిగించినారు. కాని పెడలు ఒకసారి తిరిగితే చక్రం కూడా ఒకసారే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రాన్ని పెంచటం తప్ప మార్గం లేదు. ఈ కారణంచేత 1870లలో ముందుచక్రం సుమారు 1.5 మీటర్ల ఎత్తువరకు పెరిగినది. అంత ఎత్తునుండి తలక్రిందులుగా పడినవారెందరో! ధైర్యము, ధనము ఉన్న యువకులకు తప్ప అది ఇతరులకు పనికివచ్చే వాహనం కాదు.

1885లో ఇంగ్లండులోని కొవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ ఈ చిక్కును విప్పినాడు. అతని ‘రోవర్’ సైకిలులో రెండు చక్రాలూ ఇంచుమించు సమానమే. పెడళ్లు చక్రాన్ని నేరుగా త్రిప్పక, చైనుద్వారా వెనుకచక్రాన్ని త్రిప్పుతవి. పెడళ్లవద్ద 48 పళ్ల చక్రం, వెనుక 16 పళ్ల చక్రం ఉన్నవనుకొందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుకచక్రం మూడు చుట్లు తిరుగును. అనగా చిన్న చక్రమే పెద్ద చక్రపు పని చేయును. మూడేళ్ల తరువాత, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందినాడు. గతుకుల దారిలో ఎముకలు కదలిపోయే బాధ తగ్గినది.

ఈ రెండు మార్పులతో మానవుని కండలశక్తిని ఇంత పొదుపుగా వాడుకొనే వాహనం మరొకటి లేదన్నంతగా సైకిలు తయారైనది. నడకలో ఒక కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తిలో సుమారు ఐదవ వంతు మాత్రమే సైకిలుపై ఖర్చగునని ఆక్స్‌ఫర్డ్ ఇంజనీరు ఎస్. ఎస్. విల్సన్ 1973లో వివరించినాడు. నడిచేవాడు తన బరువును అడుగడుగునా పైకెత్తి దించుతూ ఉంటాడు. సైకిలుపై ఆ బరువును చక్రాలే మోస్తవి. అందువల్లనే ఈ పొదుపు.

సెలవు దొరికిన మనుషులు

యంత్రం ఒక్కటే చాలదు. వారం పొడుగునా తెల్లవారినది మొదలు చీకటి పడేవరకు మిల్లులో నిలబడేవారికి సైకిలు ఉండి ప్రయోజనమేమి? బ్రిటనులో 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లులలో పనిచేసే స్త్రీలకు, బాలురకు శనివారం మధ్యాహ్నం రెండుగంటలకు పని ముగియవలెనని విధించినది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చినది. ఈ పూటల సెలవులే తరువాతి తరం సైకిలు షికార్లకు పునాది.

యంత్రం లేకుండానే షికారుకు పోయినవారూ ఉన్నారు. 1868లో లండన్ సమీపంలో ‘థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్’ అనే పరుగుల సంఘం ఏర్పడినది. కుందేళ్లవలె ముందు పరుగెత్తేవారు కాగితం ముక్కలు జారవిడుస్తూ పోతారు. వేటకుక్కలవలె వెనుక వచ్చేవారు ఆ జాడ పట్టుకొని పొలాలు, వాగులు, కంచెలు దాటి వెన్నాడుతారు. నడకకు రెట్టింపు వేగంతో పరుగెత్తగలవాని వృత్తం నాలుగు రెట్లు. దానికి పెట్టుబడి చిత్తుకాగితాలే!

1878లో హారొగేట్ పట్టణంలో సైకిలు యాత్రికుల సంఘం వెలసినది. ప్రమాదకరమైన వాలుదారుల మొదట హెచ్చరిక బోర్డులు నాటించటం, సత్రాలలో సభ్యులకు సరసమైన ధరలు ఏర్పాటు చేయటం దాని పనులు.

ఈ కాలంలోనే థామస్ స్టీవెన్స్ అనే యువకుడు 1884 నుండి 1886 వరకు ఎత్తుచక్రపు సైకిలుపై భూమిని చుట్టివచ్చినాడు. పత్రికలన్నీ అతనిని పొగడినవి. అది గొప్ప సాహసమే. కాని సామాన్య జీవితాన్ని మార్చినది అతడు కాదు. ఆదివారం ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరిన లక్షలాది అనామకులు. ఇంగ్లండులోని డార్సెట్ జిల్లా గ్రామాలలో 1837 నుండి 1936 వరకు జరిగిన శ్రామికుల వివాహాలను పి. జె. పెర్రీ అనే భౌగోళికుడు 1969లో పరిశీలించినాడు. పందొమ్మిదవ శతాబ్దం చివరివరకు ఎక్కువమంది తమ ఊరివారినో పొరుగూరివారినో పెండ్లాడినవారే. ఆ తరువాతనే ఆ దూరం పెరిగినది. దీనికి గల కారణాలలో సైకిలు ఒకటి. వృత్తం పెద్దదైతే చుట్టరికం కూడా పెద్దదగును గదా!

స్త్రీల విషయంలో ఈ మార్పు మరింత తీవ్రమైనది. ఎవరి తోడూ లేక, ఎవరి బండికొరకూ కాచుకొనక, ఒక స్త్రీ తనంతట తాను పది మైళ్లు పోయి రావటం అంతవరకు వినని విషయం. స్త్రీల విముక్తికి ప్రపంచంలో మరేదీ చేయనంత మేలు సైకిలు చేసినదని అమెరికాలో స్త్రీల ఓటుహక్కుకై పోరాడిన సుసాన్ ఆంథొనీ 1896లో అభిప్రాయపడినది.

ఖాళీ బడిలో ఒక రాత్రి

ఇప్పుడు మళ్లీ లెక్కకు వద్దాం. సాయంత్రానికి ఇల్లు చేరవలెనన్న నియమం వల్ల మన ప్రయాణంలో సగం తిరుగుదారికే పోతున్నది. దారిలో ఒక రాత్రి పడుకొనే చోటు ఉంటే వ్యాసార్ధం రెట్టింపగును. వైశాల్యం నాలుగు రెట్లగును. కాని సత్రానికి ఇచ్చే డబ్బు లేని విద్యార్థి ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఒక బడిపంతులు. అతని పేరు రిచర్డ్ షిర్మన్. జర్మనీలోని ఆల్టెనా పట్టణంలో పనిచేసేవాడు. పాఠం నాలుగు గోడల మధ్యకంటె అడవిలో, ఏటి ఒడ్డున బాగా తలకెక్కునని నమ్మి పిల్లలను వెంటబెట్టుకొని తిరిగేవాడు. 1909 ఆగస్టు 26న అట్లా నడుస్తూ ఉండగా బ్రోల్ లోయలో ఉరుములతో పెద్ద వాన ముంచుకొచ్చినది. పిల్లలంతా ఒక గ్రామపు బడిలో తలదాచుకొన్నారు. ఒక రైతు ఇచ్చిన గడ్డి పరచుకొని నిద్రపోయినారు. పంతులుకు మాత్రం నిద్ర పట్టలేదు. ప్రతి గ్రామంలోనూ బడి ఉన్నది. సెలవులలో అది ఖాళీగానే ఉన్నది. ఒకరోజు నడక దూరానికొక బడి చొప్పున తెరచి ఉంచితే పేద విద్యార్థి కూడా దేశమంతా చూడవచ్చును గదా! ఇదీ ఆ రాత్రి అతనికి తట్టిన ఆలోచన.

1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యువజన వసతిగృహం ఏర్పడినది. ఆ కొయ్యమంచాలను అక్కడ నేటికీ మ్యూజియంగా భద్రపరచినారు. 1930లో బ్రిటనులో ఇటువంటి సంఘమే వెలసినది. రాత్రికి ఒక షిల్లింగు రుసుము. తొలిరోజుల నియమం గమనించదగినది: కాలినడకనో, సైకిలుపైననో, చిన్నపడవలోనో, స్వశక్తితో వచ్చినవారికే అక్కడ చోటు. 1932లో ఆమ్‌స్టర్‌డాంలో అంతర్జాతీయ సమాఖ్య స్థాపితం కాగా షిర్మన్ దాని మొదటి అధ్యక్షుడైనాడు.

మూసిన గేట్లు

పటంపై వృత్తం గీయటం తేలిక. నేలపై దానిలో కంచెలుంటవి. ఇంగ్లండులో కిండర్ స్కౌట్ అనే కొండనేలను భూస్వాములు వేటకై మూసివేసి ఉంచినారు. 1932 ఏప్రిల్ 24న వందలాది యువ కార్మికులు నిషేధాన్ని కాదని ఆ కొండపైకి నడిచినారు. ఐదుగురికి జైలుశిక్ష పడినది. మరుసటి సంవత్సరం జర్మనీలో నాజీలు అధికారంలోకి రాగానే, పిల్లలు స్వేచ్ఛగా తిరగటానికి పుట్టిన వసతిగృహాలు హిట్లర్ యువజనదళపు ఆధీనంలోకి పోయినవి. 1936లో షిర్మన్ అంతర్జాతీయ అధ్యక్షపదవిని కూడా వదలుకోవలసివచ్చినది. ఇంటి చుట్టూ తిరగటం ఎంత చిన్న విషయమో, దానిని అదుపులో పెట్టుకోవాలని చూచేవారికి అంత పెద్ద విషయం!

ఈ కథ ముగియలేదు. 2001 నుండి 2005 వరకు సుమారు 46,000 మైళ్లు సైకిలుపై భూమిని చుట్టివచ్చిన ఆంగ్లేయుడు అలస్టెయిర్ హంఫ్రీస్, ఆ పిమ్మట ఇంటికి దగ్గరి చిన్న సాహసాలనే ప్రచారం చేయసాగినాడు. సాయంత్రం ఐదింటికి పని ముగిసి, మరునాడు తొమ్మిదింటికి మొదలయ్యేవరకు పదహారు గంటలు మనవే గదా అన్నది అతని వాదన.

మన దేశానికి వస్తే, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలి సంవత్సరాలలో సాగిన అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదువుతోపాటు సైకిలు తొక్కటం కూడా నేర్పినది. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవటానికి ధనసహాయం ప్రారంభించినది. దీని ఫలితాన్ని ఆర్థికశాస్త్రజ్ఞులు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ పరిశీలించి 2017లో ప్రకటించినారు. ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగినది. చేరికలో బాలబాలికల మధ్యనున్న అంతరం 40 శాతం తగ్గినది. బడి 3 కి.మీ.లకు మించి దూరం ఉన్న గ్రామాలలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించినది. ఆ ఊళ్లలో బడి ఉన్నచోటనే ఉన్నది. పెరిగినది బాలికల వృత్తమే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక పాఠంగా చేయవచ్చును. సర్వే ఆఫ్ ఇండియావారి 1:50,000 స్కేలు పటంలో 10 కి.మీ. అంటే 20 సెంటీమీటర్లు. వృత్తలేఖినికి అందకపోతే దారం, పెన్సిలు చాలును. ప్రతి విద్యార్థినీ తన ఇంటిని కేంద్రంగా చేసి, తాను నిజంగా తనంతట తాను పోయి రాగలిగిన దూరంతో ఒక వృత్తం గీయమనండి. ఆ వృత్తంలో ఉండి ఇంతవరకు చూడని చెరువులు, గుట్టలు, పాతగుడులు ఎన్నో లెక్కించమనండి. పిమ్మట అందరి వృత్తాలనూ ఒకదాని ప్రక్క ఒకటి ఉంచి పోల్చండి. అవి సమానంగా ఉండవు. ఎవరికి సైకిలు ఉన్నది, ఎవరికి సెలవుదినం కూడా పనిదినమే, ఎవరికి ఇంటినుండి అనుమతి లేదు అన్న సంగతులు ఆ వ్యాసార్ధాలే చెప్పును. ఏ వృత్తం ఎందువల్ల చిన్నదైనదో తెలిసికొన్న నాడు దానిని పెంచే ఉపాయం కూడా దొరుకును.