లోమాపహరణం: ఒక పాత పాఠం



1989లో గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెబుతుండేవాణ్ణి. ఒకనాడు పద్యంలో 'నూగుమీసాలు' అన్న మాట వచ్చింది. యౌవనం తొంగిచూస్తున్న కుమారుని ముఖవర్ణన అది. నేను అర్థం చెబుతుండగా ఒక కుర్రవాడు వెనుదిరిగి ఆడపిల్లల వరుసలో ఒక అమ్మాయి వైపు చూశాడు. తరగతి అంతా నవ్వింది. ఆ అమ్మాయి పై పెదవి మీద సన్నని నూగు ఉండేది. నేను ఏమీ గమనించనట్లు తరువాతి పద్యానికి వెళ్ళిపోయాను.

వారం రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. వచ్చిన నాడు ఓణీ చెంగుతో నోరు కప్పుకొని కూర్చుంది. "ఎవరో చెప్పారని తమలపాకుల సున్నం రాసుకుని పడుకుందండీ మాస్టారూ, తెల్లారేసరికి తోలు లేచిపోయింది" అన్నది వాళ్ళమ్మ.

ఆ సున్నం నన్ను చాలాకాలం వెంటాడింది. పదవీ విరమణ తరువాత సుశ్రుతసంహిత చదువుతుంటే చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో మళ్ళీ ఎదురైంది. వ్రణాలకు చెప్పిన అరవై ఉపక్రమాలలో 'లోమాపహరణం' ఒకటి. రోమాలు కమ్ముకొన్న పుండు సరిగా మానదు కనుక వాటిని మంగలికత్తితోనో, కత్తెరతోనో, పట్టకారుతోనో తీయమన్నాడు ఆచార్యుడు. అంతటితో ఆగక ఒక లేపం కూడా చెప్పాడు: శంఖచూర్ణం రెండు పాళ్ళు, హరితాళం ఒక పాలు, పులిసిన ద్రవంతో నూరి పూయాలి. హరితాళమంటే మన అరిదళమే, చిత్రకారులు పసుపు రంగుకు వాడిన ఖనిజం. శంఖాన్ని కాల్చిన భస్మం ఒక విధమైన సున్నమే.

ఈ జోడీ మన దేశానికే పరిమితం కాదు. తుర్కీ స్నానశాలలలో 'రుస్మా' పేరుతో వాడినది కూడా అరిదళమూ సున్నమూ కలిపిన ముద్దే. తోళ్ళు ఊనేవారు చర్మం మీది బొచ్చు వదిలించడానికీ ఈ మిశ్రమాన్ని వాడారు. అరిదళంలోని గంధకం సున్నంతో కలిసినప్పుడు పుట్టే పదార్థాలు వెంట్రుకలోని మాంసకృత్తును పట్టి ఉంచే గంధకపు బంధాలను తెంచివేస్తాయి. వెంట్రుక మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. అయితే చర్మంలోనూ అదే జాతి మాంసకృత్తు ఉన్నది. పైగా అరిదళం ఆర్సెనిక్ గల విషం. అది లేని ఒట్టి సున్నం వెంట్రుకను అంత తేలికగా కరిగించదు గాని, చర్మాన్ని మాత్రం కాలుస్తుంది. 20వ శతాబ్దంలో అరిదళం స్థానంలోకి థయోగ్లైకొలేట్ లవణాలు వచ్చాయి. నేటి క్రీములలో ఉన్నవి అవే. విషం పోయింది గాని సూత్రం మారలేదు. అందుకే ముందుగా చేతిమీద కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి చూడమంటారు.

ఇంతకంటే సాధువైన మార్గాలూ ఉన్నాయి. అరబ్బుల ఇళ్ళలో చక్కెరను నిమ్మరసంతో పాకం పట్టి, ఆ ముద్దను చర్మానికి అద్ది లాగుతారు. దాని పేరు 'హలావా', మన హల్వాకు చుట్టమే. ఇరాన్‌లో మెలివేసిన దారంతో ముఖరోమాలు తీయడం పెళ్ళికూతురికి చేసే వేడుకలలో ఒకటి. మన ఇళ్ళలో అమ్మమ్మలు పసిపిల్లలకు నూనె రాసి, పిండి ఉండతో రుద్ది స్నానం చేయించేవారు. పెద్దపిల్లలకు సున్నిపిండీ పసుపూ. రుద్దుడుకు కొన్ని వెంట్రుకలు ఊడుతాయి, కుదురు మాత్రం పోదు. పసిపిల్లల నూగు ఎలాగూ తనంత తానే రాలిపోతుంది. కీర్తి పిండి ఉండకు దక్కింది.

కత్తి తగిలితే వెంట్రుక ముదురుతుందన్న భయం మనలో నేటికీ ఉన్నది. 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త, గొరగడం వల్ల వెంట్రుక దళసరి కాదనీ వేగంగా పెరగదనీ కొలిచి చూపింది. కోసిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

మరొక సంగతి ఈ భయాలన్నిటికంటే ముఖ్యమైనది. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీల రోగచరిత్రలు ప్రకటించారు. నెలసరి తప్పడం, అండాశయాలు ఉబ్బి తిత్తులు కలిగి ఉండడం, కొందరిలో ముఖం మీద రోమాలు. నేడు పీసీఓఎస్ అని వింటున్నది దానినే. ముఖరోమాలున్న ప్రతి పిల్లకూ ఆ జబ్బు ఉన్నట్లు కాదు. చాలామందికి అది తల్లి నుంచో మేనత్త నుంచో వచ్చిన పోలికే. కాని నెలసరి కూడా క్రమం తప్పుతున్నదంటే వెళ్ళవలసినది వంటింటికి కాదు, వైద్యుని దగ్గరకు.

మన ప్రబంధకవులు నాయిక పొట్టమీది నూగారును పద్యాలకు పద్యాలు పొగిడారు. కుమారుని నూగుమీసాన్నీ పొగిడారు. అదే నూగు ఒక ఆడపిల్ల పెదవి మీద ఉంటే ఆమె చెంగుతో ముఖం కప్పుకోవలసి వచ్చింది. సుశ్రుతుడు గాయం మానడానికి వెంట్రుక తీయమన్నాడు. ఆ పిల్ల వెంట్రుక తీయడానికి గాయం చేసుకున్నది. సున్నం సలహా ఎవరిదో గాని, దాని అవసరం కల్పించినది నా తరగతి గది. ఆ నవ్వును ఆపడానికి నాకు ఒక్క మాట చాలు. "ఇది అందరికీ ఉండేదేరా, కూర్చో" అంటే సరిపోయేది. అది అనలేదు.

ఇప్పటికీ బడులలో ఆ నవ్వు వినిపిస్తూనే ఉంటుంది. చదివేవారిలో ఉపాధ్యాయులుంటే పద్యం ఒక్క నిమిషం ఆపండి.

స్వస్తి.