ప్రైమరీ అభ్యర్థులపై హాస్యగీతాలు: అమెరికా రాజకీయ పేరడీ పరిణామం

అమెరికాలో అధ్యక్ష పదవికి తమ అభ్యర్థిని నిర్ణయించుకొనేందుకు ప్రధాన పార్టీలు రాష్ట్రాలవారీగా జరిపే తొలిదశ ఎన్నికలను ప్రైమరీలు అంటారు. వీటికి నిర్ణాయక బలం చేకూరి ఎంతో కాలం కాలేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీలలో పోటీకి దిగకుండానే డెమోక్రటిక్ అభ్యర్థి కాగలిగారు. ఆ అసంతృప్తి నుండి పుట్టిన మెక్‌గవర్న్–ఫ్రేజర్ సంఘం సంస్కరణలతో 1972 నుండి ఎంపిక అధికారం పార్టీ పెద్దల గది దాటి ఓటరు చేతికి వచ్చింది. అభ్యర్థులను పాటలతో పరిహసించే ప్రక్రియ స్వరూపం కూడా దానితోపాటే మారింది.

అంతకు పూర్వపు వ్యంగ్యానికి లక్ష్యం వేరు. జార్జ్ గెర్ష్విన్ సంగీతం సమకూర్చిన 1931 నాటి ‘ఆఫ్ దీ ఐ సింగ్’ సంగీత నాటకంలో పార్టీ నాయకులు హోటల్ గదిలో కూర్చొని ఎన్నికల అంశం కోసం వెదికి, చివరకు ‘ప్రేమ’ను ఎంచుకుంటారు. తాము నిలబెట్టిన ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు వారికే గుర్తుండదు. నాటక విభాగంలో పులిట్జర్ బహుమతి పొందిన తొలి సంగీత నాటకం ఇదే. ఇందులో నవ్వు అభ్యర్థి మీదకన్నా అతనిని నిలబెట్టిన యంత్రాంగం మీదనే ఎక్కువ.

ప్రైమరీల యుగానికి ప్రతినిధి ‘క్యాపిటల్ స్టెప్స్’ బృందం. 1981 డిసెంబరులో సెనేటర్ చార్లెస్ పెర్సీ కార్యాలయ సిబ్బంది క్రిస్మస్ విందు కోసం కట్టిన పాటలతో ఇది మొదలైంది. రాజకీయాన్ని దగ్గరగా చూసిన ఉద్యోగుల హాస్యం కనుక ఇందులో కసి తక్కువ, చనువు ఎక్కువ. అందరూ ఎరిగిన బాణీకి కొత్త మాటలు అమర్చడం వీరి పద్ధతి. జరుక్‌శాస్త్రి పేరడీలు చదివినవారికి ఈ కిటుకు అపరిచితం కాదు. 2016లో రిపబ్లికన్ బరిలో ప్రధాన అభ్యర్థులే 17 మంది. వారిలో పలువురి పేర్లు శ్రోతకు ఇంకా అలవాటు కాలేదు. బాణీ మాత్రం తెలుసు. తెలిసిన బాణీ తెలియని మనిషిని పరిచయం చేస్తుంది. అయితే ఆ అభ్యర్థి అయోవాలోనో న్యూహాంప్‌షైర్‌లోనో ఓడి తప్పుకుంటే మరునాటికి ఆ పాట చెల్లని నాణెమే. కనుక ఈ గీతాలను కావ్యాలుగా కాక ఆయా వారాల పత్రికా వ్యాఖ్యలుగా చదవడం సమంజసం.

మరొక చిక్కు చట్టానిది. 1994లో క్యాంప్‌బెల్ వర్సెస్ అకఫ్–రోజ్ కేసులో సుప్రీంకోర్టు పేరడీ న్యాయసమ్మత వినియోగం కాగలదని చెప్పింది. కాని మూలగీతాన్నే విమర్శించే పేరడీకీ, దానిని వాహికగా మాత్రమే వాడుకొని వేరొకరిని వెక్కిరించే వ్యంగ్యానికీ భేదం చూపింది. రెండవదానికి ఆ అరువు ఎందుకో సమర్థించుకోవాలి. అభ్యర్థులపై పాటలు అధికంగా ఈ కోవకే చెందుతాయి. అధ్యక్ష పోటీ కాకపోయినా ఒక ఉదాహరణ గమనార్హం. కాలిఫోర్నియా సెనేట్ స్థానానికి రిపబ్లికన్ ప్రైమరీలో నిలిచిన చార్లెస్ డివోర్, డాన్ హెన్లీ పాటల బాణీలలో ఒబామాను, బార్బరా బాక్సర్‌ను ఎగతాళి చేశారు. 2010లో ఫెడరల్ కోర్టు హెన్లీ పక్షాన తీర్పు చెప్పింది. ఇక్కడ వ్యంగ్యకారుడే అభ్యర్థి!

ఇరవై మందికి పైగా డెమోక్రాట్లు తలపడిన 2020 ప్రైమరీలే క్యాపిటల్ స్టెప్స్‌కు చివరివయ్యాయి. కోవిడ్ వల్ల వేదికలు మూతపడగా, 2021 జనవరిలో బృందం తన మూసివేతను ప్రకటించింది.