క్యారెక్టర్ కాగితం

ఇంగ్లండులో ఇంటి పనివాళ్ళకి యజమానులు రాసిచ్చే ఉత్తరాన్ని ‘క్యారెక్టర్’ అనేవాళ్ళు. ఎన్నేళ్ళు చేసింది, ఏం పని వచ్చు, నమ్మకస్తురాలా కాదా – అందులో ఉండేవి ఇవే. అది లేకపోతే ఇంకో మంచి ఇంట్లో పని దొరకడం కష్టం. 1792లో అక్కడి పార్లమెంటు దొంగ క్యారెక్టర్లు రాసేవాళ్ళకి, వాటితో పనిలో చేరేవాళ్ళకి 20 పౌన్ల జరిమానా వేస్తూ చట్టం చేసింది. అది యజమానులు మోసపోకుండా చేసిన చట్టం. మరి యజమాని ఉత్తరమే ఇవ్వనంటే? ఇవ్వాల్సిన బాధ్యత ఆయనకి లేదని 1800లో ‘కారల్ వర్సెస్ బర్డ్’ కేసులో కోర్టు తేల్చేసింది.

ఈ అలవాటు దొరలతోపాటు మన దేశానికొచ్చింది. ఆయాలు తమ ‘చిట్’లని కట్టగా దాచుకుని కొత్త దొరసానికి చూపించేవాళ్ళు. తనని తిట్టి రాసిన చిట్‌నే ఇంగ్లీషు రాని పనిమనిషి గర్వంగా చూపించిందని తెల్లవాళ్ళు జోకులేసుకునేవాళ్ళు. నాకా జోకులో నవ్వు కనిపించలేదు. తన బతుకుని నిర్ణయించే కాగితాన్ని తనే చదవలేకపోవడం కనిపించింది.

తెలుగులోకొచ్చేసరికి ‘క్యారెక్టర్’ ఇంకో బరువు మోసింది. మగవాడి విషయంలో అది నిజాయితీ. ఆడదాని విషయంలో శీలం. అందుకే మనగురించి చెడ్డమాట రాయక్కర్లేదు, చెప్పడం ఆపేస్తే చాలు. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ప్రసూతి సెలవుకి జీతం అడిగాక అక్కడ ఉండనివ్వలేదు. తర్వాత నేను దరఖాస్తు చేసిన చోటినుంచి ఫోనొస్తే, “పాఠం బాగానే చెప్తుంది, కానీ...” అని ఆగారట. ఆ ‘కానీ’కి జవాబు చెప్పే అవకాశం నాకెవరిచ్చారు? చివరికి బ్యాంకులో పడిన జీతాల లెక్క, యూనివర్సిటీ పరీక్షల డ్యూటీ ఉత్తర్వులు, నాతో పనిచేసిన ఒక సీనియర్ మేడం ఉత్తరం – వీటితోనే ఇంకోచోట చేరగలిగాను.

మా కనగానపల్లి వైపు వేరుశనగ ఎండిపోయిన యేడు జనం బెంగళూరికి పనులకి పోతారు. అక్కడ ఇళ్ళల్లో పనడిగే ఆడవాళ్ళకి ఎదురయ్యే మొదటి ప్రశ్న, “ముందు ఎవరింట్లో చేశావు? ఆవిడ నంబరివ్వు.” ఇప్పుడు అపార్ట్‌మెంటు గేటు యాప్‌లలో వాళ్ళకి స్టార్లు కూడా వేస్తున్నారు. కడప, రాయచోటి వైపునుంచి 20 నంబరు వీసామీద కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళకైతే కఫీలు ‘రిలీజ్’ ఇవ్వాలి. 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా ఇంటిపనినుంచి కంపెనీ వీసాకి మారొచ్చని ఆ దేశం తలుపు తెరిచింది. అప్పుడూ యజమాని ఒప్పుకోవాలన్న షరతుంది. ఖతార్ మాత్రం 2020లో ఆ అనుమతి అక్కర్లేదంది.

పనిచేసిన మాటకి సాక్ష్యం హక్కు, మంచిదన్న మాట దయ. ఈ రెంటినీ విడదీయడానికే ఇంత చరిత్ర పట్టింది. జర్మనీలో 1900లో అమల్లోకొచ్చిన సివిల్ కోడ్ పని మానేసేవాళ్ళకి సర్టిఫికెట్ అడిగే హక్కిచ్చింది. మన 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింది నమూనా నియమాలు పర్మనెంటు కార్మికులకి సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలన్నాయి. కానీ ఆ చట్టం వర్తించింది వందమంది, ఆపైన ఉన్న పరిశ్రమలకే. ఇంటిపని దాని గడప దాటలేదు. ప్రభుత్వోద్యోగి రహస్య నివేదికలో ప్రతి మాటనీ ఆ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 లైంగిక వేధింపుల చట్టం నిబంధనల్లో ఎనిమిదోది, విచారణ నడుస్తుండగా ఫిర్యాదు చేసిన స్త్రీ పనితీరుమీద ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు నివేదిక రాయకుండా ఆపే వీలిచ్చింది. కలం కూడా ఆయుధమేనని చట్టం ఒప్పుకున్న చోటు అది.

ఇప్పుడు మనలో చాలామందిమి ఉత్తరాలు రాసే కుర్చీల్లో ఉన్నాం. విద్యార్థిని గురించి రాసింది ఆమెకే చూపించి పంపుతున్నామా? మనింట్లో పని మానేసిన ఆమె గురించి ఎవరైనా ఫోన్ చేస్తే, ఆమె ఎదురుగా అనగలిగిన మాటే చెప్తున్నామా?