పోయిన ప్రాసెస్ పేరు దొరికే దారి

రాత్రి 2 గంటలకు సర్వర్‌ను ఊపిరాడనివ్వని ప్రాసెస్, తెల్లారి చూసేసరికి ఉండదు. మిగిలేది రికార్డొక్కటే. 1990లలో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ మెల్‌బోర్న్ బృందం కెన్ మెక్‌డొనెల్ సారథ్యంలో తయారుచేసిన, కంప్యూటర్ల పనితీరును గమనించే పెర్ఫార్మెన్స్ కో-పైలట్‌కు ఆ రికార్డే ప్రాణం. నడుస్తున్న మెషీన్‌ను అడిగే సీ ఫంక్షన్లతోనే పాత రికార్డునూ అడగొచ్చు. ఆ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ ఐరిక్స్ మీద పుట్టిన ఈ సాధనం 2000లో ఓపెన్ సోర్సై లినక్స్‌లో స్థిరపడింది.

ఆ రికార్డును, అంటే ఆర్కైవ్‌ను, రాసే ప్రోగ్రామ్ పీఎమ్‌లాగర్. ఆర్కైవ్‌లో అంకెలు ఒక ఫైల్లో, పేర్లూ వివరణలూ మెటా ఫైల్లో, కాలసూచిక మరొకదాంట్లో ఉంటాయి. తొలితరం ఆర్కైవ్‌లలో మెట్రిక్‌ల, అంటే కొలతల, పేర్లు ఉండేవి కావు. చదివే మెషీన్‌లోని పేర్ల పట్టికే దిక్కు. రెండో తరం నుంచి పేర్లు ఆర్కైవ్‌తోనే ప్రయాణిస్తున్నాయి. ఎక్కడికి కాపీ చేసుకున్నా చదువుకోవచ్చు. ఈ సాధనం చరిత్రలో ఇంతకన్నా మేలైన మార్పు అరుదు.

మెట్రిక్ పేరు నుంచి దాని సంఖ్యకు వెళ్లడం తేలిక. 'కెర్నెల్.ఆల్.లోడ్' అని పీఎమ్‌లుకప్‌నేమ్ ఫంక్షన్‌కు ఇస్తే 32 బిట్ల గుర్తింపు సంఖ్య వస్తుంది. అందులో 9 బిట్లు డొమైన్‌కు, 12 క్లస్టర్‌కు, 10 ఐటెమ్‌కు. ఆ మెట్రిక్ కింద '1 మినిట్', '5 మినిట్', '15 మినిట్' అనే మూడు ఇన్‌స్టెన్స్‌లు, అంటే విడివిడిగా కొలిచే అంశాలు, ఉంటాయి. వాటి అంతర్గత సంఖ్యలు 1, 5, 15.

ఇవి ఎప్పుడూ మారవు. ప్రాసెస్‌లూ ఇన్‌స్టెన్స్‌లే గానీ అలా కాదు, క్షణాల్లో పుట్టి పోతాయి. అసలు కథ ఇక్కడే.

ఇన్‌స్టెన్స్ పేరుకు సంఖ్య ఇచ్చే మామూలు ఫంక్షన్ పీఎమ్‌లుకప్‌ఇన్‌డామ్, ఆర్కైవ్‌లో తాను నిలబడ్డ క్షణానికి ఉన్న ఇన్‌స్టెన్స్‌లనే చూస్తుంది. అర్ధరాత్రి మొదలైన ఆర్కైవ్ తెరిచి వెంటనే అడిగితే, 2 గంటలకు పుట్టిన ప్రాసెస్ లేదంటూ రుణసంఖ్య ఇస్తుంది. అందుకే పీఎమ్‌లుకప్‌ఇన్‌డామ్‌ఆర్కైవ్ వచ్చింది. ఇది ఆర్కైవ్ మొత్తంలో కనిపించిన ఇన్‌స్టెన్స్‌లన్నిటినీ గాలిస్తుంది. పూర్తి పేరు ఇవ్వనక్కర్లేదు. మొదటి ఖాళీ వరకూ కలిస్తే చాలు. ప్రాసెస్ పేరు '004312' అంకెలతో మొదలై తర్వాత కమాండ్ ఉంటుంది కాబట్టి ఆ ఆరంకెలూ ఇస్తే దొరుకుతుంది.

తిరుగుదారి, అంటే సంఖ్య నుంచి పేరుకు, జాగ్రత్తగా నడవాలి. లినక్స్ పాత ప్రాసెస్ సంఖ్యల్ని మళ్లీ వాడుతుంది. ఒకే సంఖ్య పొద్దున బ్యాకప్‌ది, సాయంత్రం డేటాబేస్‌ది కావొచ్చు. పీఎమ్‌నేమ్‌ఇన్‌డామ్‌ఆర్కైవ్ తనకు ముందు తగిలిన పేరే ఇస్తుంది. ఏ సమయంలో ఎవరిదో తేలాలంటే పీఎమ్‌సెట్‌మోడ్‌తో ఆ సమయానికి వెళ్లి మామూలు పీఎమ్‌నేమ్‌ఇన్‌డామ్‌నే అడగాలి.