కాకాపో సంరక్షణ

కాకాపో న్యూజిలాండ్‌లో మాత్రమే ఉండే, ఎగరలేని నిశాచర చిలుక. చిలుకలన్నిటిలోనూ బరువైనది ఇదే. మగపక్షి నాలుగు కిలోల వరకు తూగుతుంది. 1995లో 51 పక్షులే మిగిలిన ఈ జాతి, మనుషుల అలుపెరగని కృషితో 2022 నాటికి 252కు పెరిగింది.

క్షీణతకు కారణాలు

నేలపై తిరిగి వేటాడే క్షీరదాలు లేని దీవుల్లో ఈ పక్షి పరిణామం చెందింది. అలికిడి వినగానే కదలక నిలబడిపోతుంది. నాచు రంగు ఈకలు పొదల్లో కలిసిపోవడంతో ఆకాశం నుంచి వేటాడే పక్షుల కంట పడదు. అయితే మావోరీలు, ఆ తర్వాత ఐరోపావాసులు వచ్చాక కుక్కలు, ఎలుకలు, పిల్లులు, స్టోట్ అనే చిన్న మాంసాహారి దీవుల్లోకి చేరాయి. వాసన పట్టి వచ్చే ఈ జంతువులకు కాకాపో తేలిగ్గా చిక్కింది. పైగా గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని పెంచేదీ తల్లి ఒక్కతే. అది రాత్రి మేతకు వెళ్తే గూడుకు కాపలా ఉండదు.

తొలి ప్రయత్నాలు

1894లో రిచర్డ్ హెన్రీ రిజల్యూషన్ దీవిలో సంరక్షకుడిగా చేరి, వందల కాకాపోలను అక్కడికి తరలించారు. కొన్నేళ్లకే స్టోట్‌లు ఈదుకుంటూ ఆ దీవికీ వచ్చాయి. ఆయన శ్రమ ఫలించలేదు. 1970లలో ఫియోర్డ్‌ల్యాండ్‌లో వెతికితే దొరికినవన్నీ మగపక్షులే. 1977లో స్టీవర్ట్ దీవిలో మరో గుంపు బయటపడటంతో ఆశ చిగురించింది. అక్కడా పిల్లుల బెడద ఉండటంతో పక్షులను కాడ్‌ఫిష్ వంటి సురక్షిత దీవులకు తరలించారు.

పునరుద్ధరణ పద్ధతులు

1995లో మొదలైన కాకాపో పునరుద్ధరణ కార్యక్రమాన్ని ప్రభుత్వ పరిరక్షణ శాఖ, న్గాయ్ తాహు తెగతో కలిసి నడుపుతోంది. ప్రతి పక్షికీ రేడియో ట్రాన్స్‌మిటర్ అమర్చి కదలికలను గమనిస్తారు. బలహీనపడిన పిల్లలను తెచ్చి చేతులతో మేపి పెంచుతారు.

కాకాపో ఏటా గుడ్లు పెట్టదు. రిము చెట్లు విరగకాసిన సంవత్సరాల్లోనే, అంటే రెండు నుంచి నాలుగేళ్లకోసారి జతకడుతుంది. అప్పుడు మగపక్షి నేలను గిన్నెలా తొలిచి, అందులో కూర్చుని రాత్రంతా గంభీర స్వరంతో ఆడపక్షులను పిలుస్తుంది.

సంతానం పెరగాలని పక్షులకు అదనపు ఆహారం పెట్టినప్పుడు ఒక చిక్కు వచ్చింది. బాగా బలిసిన తల్లులకు మగపిల్లలే ఎక్కువగా పుట్టాయి. అందుకని ఒక్కో ఆడపక్షి బరువును బట్టి మేతను సర్దడం మొదలుపెట్టారు.

ప్రస్తుత సవాళ్లు

2019లో సంతానం రికార్డు స్థాయిలో పెరిగినా, ఆస్పర్‌జిలోసిస్ అనే శిలీంధ్ర వ్యాధి కొన్ని పక్షులను బలి తీసుకుంది. దగ్గరి బంధుత్వం గల పక్షులు జతకట్టడం వల్ల పిల్లలు కాని గుడ్లు ఎక్కువ. అందుకే జన్యు పరీక్షల సాయంతో జతలను, ఆవాసాలను నిర్ణయిస్తున్నారు. సురక్షిత దీవుల్లో చోటు చాలనందున, 2023లో కంచె వేసిన మౌంగటౌటరి అభయారణ్యానికి కొన్ని మగపక్షులను తీసుకొచ్చారు. ఎలుకలు, స్టోట్‌లు లేని చోటు పెరిగితేనే ఈ జాతి మనిషి కాపలా లేకుండా మనగలుగుతుంది.