ఒకే ఈత పిల్లలు లెక్కకు ఎన్ని?

ఆవిరి ఇంజన్ల రోజులలో బిట్రగుంట పెద్ద లోకోషెడ్డుకు పేరు పొందిన ఊరు. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఒక చిన్న సర్వే చేయదలచినామనుకొందాము. ఈ వర్షాకాలంలో ఎంతమందికి విరేచనాలు పట్టుకొన్నవో తెలియవలె. 20 ఇండ్లకు పోయి, ఇంటికి పదిమంది చొప్పున 200 మంది పేర్లు వ్రాసికొన్నాము. కాని ఒక ఇంటివారు త్రాగేది ఒకే బిందెలోని నీళ్లు, తినేది ఒకే కుండలోని అన్నం. ఒకరికి జబ్బు చేసిన ఇంట మరొకరికి చేసే అవకాశం హెచ్చు. మరి మన చేతిలో ఉన్నవి 200 సాక్ష్యాలా, 20 సాక్ష్యాలా? రెండూ కాదు, ఆ రెంటి నడుమ ఎక్కడనో ఉన్నవి. ఎక్కడ అన్నదే చిక్కు.

ఇదే చిక్కు ఎలుకల బోనుల దగ్గర పరిశోధకులకు ఎదురైనది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ అనే నిద్రమందును గర్భిణులు వేవిళ్లకు కూడ వాడినారు. 1961 నవంబరులో అక్కడ దానిని బజారునుండి తొలగించే నాటికి అనేక దేశాలలో వేలకొలది శిశువులు కాలుసేతులు సరిగా ఏర్పడక పుట్టినారు. అటుతరువాత క్రొత్త మందులను గర్భంతో ఉన్న జంతువులకిచ్చి పిండాలను పరీక్షించే పద్ధతి గట్టిపడినది. 1966లో అమెరికా ఆహార ఔషధ శాఖ ఇందుకు మార్గదర్శక సూత్రాలు వెలువరించినది.

మందు ఇచ్చేది తల్లి ఎలుకకు, లెక్కించేది పిల్లలను. ఒక్క ఈతలో పదీ పన్నెండూ ఉంటవి. వాటన్నిటికీ రక్తం అందించేది ఒకే తల్లి. ఆమె మేత తినక చిక్కిపోతే ఆ కష్టం అన్నిటికీ తగులుతుంది. అట్లని అవన్నీ ఒకే అచ్చు కావు. ఎలుక గర్భాశయం రెండు కొమ్ములుగా చీలి ఉంటుంది. పిండాలు వాటిలో పూసలవలె వరుసగా కూర్చొంటవి. ఏ చోటున ఉన్నది, రక్తం ఎంత అందినది, ప్రక్కనున్నది మగపిల్లయా ఆడపిల్లయా అన్నవి కూడ పెరుగుదలను మార్చగలవు. అందుచేత తోడబుట్టిన వాటిలోనే ఒకటి చక్కగా ఉండి, రెండవది అంగవైకల్యంతో ఉండవచ్చును.

1970లో వీల్ అనే పరిశోధకుడు ఈతనే ప్రమాణంగా తీసికొనవలెనని వాదించినాడు. 1975లో విలియమ్స్ ఈతకూ ఈతకూ గల తేడాను గణిత సూత్రంలో ఇమిడ్చినాడు.

తేడా ఎంత ముఖ్యమో ఊహించిన అంకెలతో చూతాము. మందు ఇవ్వని 20 తల్లుల 200 పిల్లలలో 20కి వైకల్యం ఉన్నది. మందు ఇచ్చిన 20 తల్లుల 200 పిల్లలలో 34కు ఉన్నది. పిల్లలను విడివిడిగా లెక్కిస్తే, ఇది కాకతాళీయం కాదని మామూలు పరీక్ష తీర్పు చెబుతుంది. తోడబుట్టినవాటి మధ్య సహసంబంధం 0.3 అనుకొండి. ఈతకు 10 పిల్లలు గనుక 1 + 9 × 0.3 = 3.7. 200ను 3.7తో భాగిస్తే 54. అనగా 200 పిల్లలు చెప్పే సాక్ష్యం 54 పిల్లల పాటి మాత్రమే! ఇప్పుడు అదే పరీక్ష, ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చునంటుంది. ఇట్టి సహసంబంధాన్ని విస్మరిస్తే, నిరపాయమైన మందు విషయంలో 100కు 5 సార్లు పొరపడవలసిన పరీక్ష సుమారు 30 సార్లు పొరపడుతుంది.

బిట్రగుంటలో రైలెక్కి ఉత్తరంగా పోతే బెజవాడ తరువాత ఏలూరు వస్తుంది. 1937లో ఆ ఊరిలో జన్మించిన జె. ఎన్. కె. రావుగారు 1961లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, తరువాత కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. ఆయన రంగం శాంపుల్ సర్వేలు. ఎలుకలతో ఆయనకేమి పని అని అడుగవచ్చును. సర్వే చేసేవారికి ఇంటివారంతా ఒకే తీరున ఉండే చిక్కు పాతదే. 3.7 వంటి భాజకాన్ని వారు ‘డిజైన్ ఎఫెక్టు’ అంటారు. న్యూజిలాండుకు చెందిన ఆలస్టేర్ స్కాట్‌తో కలిసి రావుగారు 1981లో సర్వే పట్టికల పరీక్షలను దీనితో సవరించినారు. 1992లో ఆ ఇద్దరే ఈ ఉపాయాన్ని ఈతల లెక్కకు తెచ్చినారు.

వారి పద్ధతిలో నాకు నచ్చినది దాని నిరాడంబరత. తోడబుట్టినవి ఎంతగా పోలుతవో ముందుగా ఏ సూత్రమూ ఊహించనక్కరలేదు. ఈతలు నిజంగా ఎంత తేడాగా ఉన్నవో చూచి, ప్రతి మోతాదుకూ దాని భాజకాన్ని దానికే కట్టి, వైకల్యం గలవాటినీ మొత్తాన్నీ దానితో భాగిస్తే చాలును. మన 20/200 సుమారు 5.4/54 అవుతుంది. నూటికి పది అన్న పాలు మారదు, దాని బరువు మాత్రమే తగ్గుతుంది. తక్కినది కళాశాల విద్యార్థి చేయగల పరీక్షయే.

మందును తల్లికి కాక పుట్టిన పిల్లలకే ఇచ్చే ప్రయోగాలూ ఉన్నవి. అక్కడ ఒకే ఈతలో సగానికి మందు ఇచ్చి, సగానికి ఇవ్వక పోల్చవచ్చును. ఇప్పుడు ఆ పోలికే మనకు సాయపడుతుంది. తల్లి వల్ల వచ్చే తేడాలు రెండు సగాలకూ సమానం గనుక అవి కొట్టుకొనిపోయి, మందు పని తేటపడుతుంది. ఇట్టిచోట ఈతను లెక్కలోకి తీసికొనకపోతే తప్పు రెండవ వైపున జరుగుతుంది: ఉన్న హాని ఈతల తేడాల మరుగున పడి, మందు మంచిదనిపించుకొంటుంది.